మూసీ ఒడ్డు మీద విశ్వేశ్వరయ్య

సెప్టెంబర్ 15 రాగానే ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలోనూ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫొటోకి దండ వేస్తారు. ఆయన డ్యామ్‌లు కట్టారని అందరికీ తెలుసు. నది ఒడ్డు జనానికి ఎలా ఉపయోగపడాలో కూడా ఆయన ఆలోచించారని నాకు ఈ మధ్యే తెలిసింది.

వాళ్ళ పూర్వీకులది గిద్దలూరు వైపు మోక్షగుండం. ఆయన పుట్టింది 1861లో, నంది కొండల దగ్గర ముద్దేనహళ్ళిలో. మా మదనపల్లె నుంచి చింతామణి మీదుగా పోతే పెద్ద దూరమేం కాదు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ డిగ్రీ చదివారు. తర్వాత పూనాలో ఇంజినీరింగ్ పూర్తి చేసి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగంలో చేరారు. ఖడక్‌వాస్లా డ్యామ్‌కి, నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టించారు. కరెంటు లేదు, సెన్సర్ లేదు, కోడ్ అసలే లేదు. అయినా పక్కా ఆటోమేషన్!

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే విశ్వేశ్వరయ్య గారు వచ్చారు. వానల లెక్కలు చూసి, ఊరికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్నారు. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఆయన అంతటితో ఆగలేదు. ఊళ్ళో నది గట్లు ఎత్తు చేసి, వాటి వెంట వెడల్పాటి రోడ్లు, తోటలు వేసి, జనం తిరిగే చోటుగా మార్చమన్నారు. నాకు బాగా నచ్చింది ఈ వరస. ముందు వరద భయం పోవాలి, తర్వాతే నీళ్ళ పక్కన కూర్చోగలం. ఎగువన భద్రత చూడకుండా ఒడ్డున పార్కు కడితే, ఒక్క పెద్ద వానకి అది కొట్టుకుపోతుంది.

తర్వాత ఆయన మైసూరు దివాన్ అయ్యారు, 1955లో భారతరత్న అందుకున్నారు, 1962లో నూరేళ్ళు దాటి కన్నుమూశారు.

కుప్పం వైపు వచ్చే పాలారు పుట్టింది ఆ నంది కొండల్లోనే. పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల ఊరికో చెరువు ఉంది. చెరువు మొరవ పోతే ఊరంతా చూడ్డానికి పరిగెత్తుతుంది, మోకాళ్ళ నొప్పులతో మా అవ్వ మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. కట్ట ఎక్కడానికి సరైన మెట్లు లేవు, పట్టుకోడానికి కమ్మీ లేదు. వీల్‌చైర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మెల్లగా ఎక్కే ఒక ర్యాంపు, పక్కన కమ్మీ, కానుగ చెట్టు కింద నాలుగు బెంచీలు: ఇదేం ఉస్మాన్ సాగర్ అంత పని కాదు. సివిల్ బ్రాంచి మిత్రులు గీతలు గీస్తే, కొలతలు తీయడానికి టేపు పట్టుకుని నేనొస్తా.