పేజీని చదివించిన పంతులు

డీటీపీ నేర్చుకున్నవాళ్లకు పేజ్‌మేకర్ తెలిసే ఉంటుంది. 1985లో దాన్ని తెచ్చిన కంపెనీ పేరు ఆల్డస్. అది ఐదు వందల ఏళ్ల కిందటి ఓ పంతులుగారి పేరు. సాఫ్ట్‌వేర్ యూజర్ గైడ్లు రాసే టెక్నికల్ రైటర్ ఉద్యోగం మీద మీకు కన్నుంటే, ఆయన కథ పనికొస్తుంది.

ఆల్డస్ మనూషియస్ ఇటలీలోని బస్సియానోలో పుట్టారు. కార్పి పాలకుల పిల్లలకు చదువు చెప్పారు. లాటిన్ వ్యాకరణం రాశారు. నలభై ఏళ్లు దాటాక, ఏమాత్రం అనుభవం లేని అచ్చుపనిని నమ్ముకుని వెనిస్‌లో ప్రెస్ పెట్టారు.

అప్పట్లో పెద్ద కావ్యాల ప్రతులు చాలావరకు బల్ల మీద పెట్టి చదవాల్సినంత బరువుండేవి. పేజీ మధ్యలో మూలం, చుట్టూ కిక్కిరిసిన వ్యాఖ్యానం. కన్ను ఎక్కడ ఆగాలో తెలిసేది కాదు. 1501లో వర్జిల్ కావ్యాలను అచ్చేస్తూ ఆల్డస్ ఆ వ్యాఖ్యానం మొత్తం తీసేశారు. మూలం ఒక్కటే ఉంచి, పుస్తకాన్ని చేతిలో ఇమిడేంత చేశారు. అందులో వాడిన వాలు అక్షరాలే నేటి ఇటాలిక్స్‌కు మూలం. వాటిని చెక్కింది ఫ్రాన్సెస్కో గ్రిఫో. వాక్యంలో ఎక్కడ ఆగాలో చెప్పే సెమీకోలన్ కూడా 1496లో ఆయన ప్రెస్ నుంచే అచ్చులోకి వచ్చింది.

కష్టాలూ తప్పలేదు. లియాన్ ముద్రాపకులు ఆయన పుస్తకాలను కాపీ కొట్టారు. 1503లో ఆ కాపీల్లోని తప్పులను ఆయన ప్రకటిస్తే, వాళ్లు అది చూసే దిద్దుకున్నారు! యుద్ధంతో ప్రెస్ కొన్నేళ్లు మూతపడింది. మళ్లీ తెరిచి, 1515లో చనిపోయేదాకా నడిపారు.

ఇందులో మీకేముంది? ఏదైనా యాప్ గైడ్‌లో ఒక పేజీ తీసుకోండి. ఒకే పేరాలో కుక్కిన సూచనలను అంకెలు వేసి విడగొట్టండి. ఒక్కో అంకెకు ఒక్కటే పని. హెచ్చరికను ఆ పనికి ముందే పెట్టండి. స్క్రీన్‌షాట్‌ను సంబంధిత స్టెప్ కిందే ఉంచండి. బటన్ల పేర్లన్నీ ఒకే తీరులో బోల్డ్ చేయండి. అదనపు వివరాలను చివరికి పంపండి. ఆ గైడ్ ఎరగని ఫ్రెండ్‌కిచ్చి పని చేయించండి. ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ సరిదిద్దండి.

పాత పేజీ, మీ పేజీ పక్కపక్కన పెట్టి రెజ్యుమేకు జోడించండి. ఈ పని మీకు వచ్చని ఆ రెండు పేజీలే చెబుతాయి.