దేవదాసు తాగాడు, మరి పార్వతి?

సావిత్రి అనగానే మనకి మాయాబజార్ క్లిప్పులే గుర్తొస్తాయి. 1957 నాటి సినిమా అది, సి.బెళగల్‌లో మా జేజికీ తెలుసు, హాస్టల్లో మనకీ తెలుసు. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు నడిచే సీన్ ఒక్కసారి మళ్ళీ చూడండి. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడి నడక! ఏ గ్రాఫిక్స్‌కీ రాదు అది.

పుట్టింది గుంటూరు జిల్లా చిర్రావూరు. ఆరు నెలల పసిగుడ్డుగా ఉండగానే తండ్రి పోయాడు, పెదనాన్న పెంచాడు. నాటకాలు, తర్వాత మద్రాసు. 1953లో దేవదాసు వచ్చింది. అందులో తాగి తాగి చచ్చిపోయేది నాగేశ్వరరావు. సావిత్రి పార్వతి. నిజ జీవితంలో ఇది తిరగబడింది.

జెమినీ గణేశన్‌ని పెళ్ళి చేసుకుంది, ఆయనకి అప్పటికే సంసారం ఉంది. చేతికి ఎముక లేని మనిషి. 1965 యుద్ధం టైంలో ఒంటి మీది నగలు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి ఇచ్చేసింది. 1968లో చిన్నారి పాపలు డైరెక్ట్ చేసింది. 1971లో మూగమనసులు కథని తమిళంలో ప్రాప్తం పేరుతో సొంతంగా తీస్తే ఆడలేదు. అప్పులు, ఇన్‌కమ్ ట్యాక్స్ గొడవలు, భర్తతో ఎడబాటు. అప్పుడు మందు దగ్గరైంది.

దాన్ని బలహీనత అని తేల్చేయడం ఈజీ. సెట్లో లైట్లు ఆరిపోయాక ఇంటికెళ్తే పలకరించే మనిషి లేకపోతే ఎలా ఉంటుంది? మనకైతే ఫోన్ ఉంది, రాత్రి రెండింటిదాకా స్క్రోల్ చేస్తాం. కొందరు ఇంకేదో వెతుక్కుంటారు, ఏంటో మీకూ తెలుసు.

అసలే షుగర్ ఉన్న ఒళ్ళు. 1980లో కోమాలోకి వెళ్ళింది. దాదాపు 19 నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబర్ 26న చనిపోయింది. యాభై ఏళ్ళు కూడా నిండలేదు.