ఉలికి గౌరవము గూర్చిన ఆనంద కుమారస్వామి

విశాఖపట్టణమున మన పూర్వులు టేకు, నల్లచేవ మొదలగు కఱ్ఱలతో పెట్టెలును బీరువాలును జేసి, వానిపై దంతపు పలకలు పొదిగి, ఆ పలకలపై లతలు చెక్కి, చెక్కిన గీతలలో నల్లని లక్క నింపి, పదునెనిమిదవ శతాబ్దముననే సీమకు బంపుచుండిరి. అట్టి పనులు నేడు లండను నగర ప్రదర్శనశాలలో నున్నవి. పిదప 1933లో ఈ పట్టణమున నౌకాశ్రయము తెఱవబడెను. 1992లో ఉక్కు కర్మాగారము జాతి కంకితమయ్యెను. అవి వేలకొలది కుటుంబములకు కూడు పెట్టినవి, అందులకు సంతసింపవలసినదే. కాని ఉలి పట్టువాడు విద్యాహీనుడను తలంపు మన యిండ్లలోనే నాటుకొనుట మాకు మిక్కిలి ఖేదకరముగా నున్నది. ఆ తలంపును నిర్మూలింప జీవితము ధారవోసిన మహనీయుడు మన కులమున బుట్టినవాడు కాడు. ఆయనయే ఆనంద కుమారస్వామి.

ఆయన 1877 ఆగష్టు 22వ తేదీన కొలంబో నగరమున జన్మించెను. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి తమిళుడు, న్యాయవాది, తల్లి ఆంగ్లవనిత. రెండేండ్లు నిండకమునుపే తండ్రి గతింపగా బాలుడు ఇంగ్లండున తల్లి పోషణమున బెరిగి, భూగర్భశాస్త్ర మభ్యసించెను. 1903 మొదలు 1906 వఱకు సింహళమున ఖనిజ పరిశోధనశాఖ కధ్యక్షుడుగా నుండెను. థోరియనైటు అను ఖనిజమును లోకమునకు దెలిపినవా డాయనయే.

రాళ్లను వెదకుచు పల్లెలు తిరుగు ఆ యువకుని దృష్టి క్రమముగా శిల్పులపై బడెను. కండి సీమలో వడ్రంగులు, దంతపు పనివారు, లక్క పనివారు తాతల నాటి పనిముట్లతో జేయుచున్న పనులను చూచెను. మరసరుకు వచ్చి ఆ వృత్తులను మ్రింగుటయు గనెను. 1908లో ఆయన ప్రకటించిన సింహళ మధ్యయుగ కళాగ్రంథమున కొయ్యచెక్కడము మొదలు సకల శిల్పములును వర్ణింపబడినవి. ఆ శిల్పులు పరంపరగా గాపాడుకొన్న సారిపుత్రమను సంస్కృత ప్రతిమాలక్షణ గ్రంథము సయితము అందు జేర్పబడెను. చేతి వెనుక శాస్త్రము గలదని దీనివలన విద్వల్లోకమునకు దెలిసెను. 1909లో భారతీయ శిల్పకారుని గూర్చి యొక గ్రంథము వెలువరించెను. పిదప ప్రకటించిన చిత్రసంపుటమునకు విశ్వకర్మ యనియే పేరిడెను.

1917లో అమెరికాలోని బోస్టను లలితకళా ప్రదర్శనశాలలో భారతీయ కళావిభాగమునకు పాలకుడయ్యెను. ఆ యేడే మన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారితో గలసి నందికేశ్వరుని అభినయదర్పణము నాంగ్లీకరించెను. 1947 సెప్టెంబరు 9వ తేదీన ఆ దేశముననే పరమపదించెను.

పనిముట్టునకును యంత్రమునకును గల భేదమును ఆయన స్పష్టముగా విడదీసెను. బాడిస, ఉలి, చిత్రిక పనివాని చేతి కూడిగము చేయును. యంత్రమునకు పనివాడే యూడిగము చేయవలసివచ్చును. ఉలి పట్టినవాడు ప్రతి దెబ్బకును కొయ్య నార యెటు నడచుచున్నదో కనిపెట్టి తలపోయవలెను. ఆ యాలోచన లేనిచో కొయ్య చీలును. నేడు గణకయంత్రపు ఉలి ఒకే బొమ్మను వందమారులు చెక్కగలదు. అయినను కళాశాలలలో శిల్పము నభ్యసించు యువకులు మరల చేయి యులినే యాశ్రయించుచున్నారన్నచో, ఆయన మాటలోని సత్య మింకను జీవించియున్నదని మా నమ్మకము.

ఒక్క విషయమున మేము ఆయనతో నేకీభవింపజాలము. వృత్తి వంశమున నిలిచిననే కళ నిలుచునని ఆయన గట్టిగా నమ్మెను. పుట్టుక మనిషికి సంకెల కారాదు. మన బిడ్డలు వైద్యులు, ఇంజనీర్లు కావలయును. అట్లే విద్యయు వంశమునకు బందీ కారాదు. పరుడై పుట్టి మన యులిని తలదాల్చిన కుమారస్వామి జీవితమే దీనికి నిదర్శనము.

కావున ప్రతి పట్టణ సంఘమును ఒక చిన్న పనిసాల నేర్పఱచి, కోరి వచ్చిన బాలుని, బాలికను, ఏ కులమువారినైనను కూర్చుండబెట్టి, ఉలికి పదును పెట్టుట మొదలు నేర్పింపవలయునని ప్రార్థించుచున్నాము. ఆ మహనీయునకు మనము తీర్పవలసిన ఋణ మిదియే. స్వస్తి.