మడ్డిమీద నిలువని జీవితము
(దోర్నకలు బిషప్పు అజరయ్యగారు)

ధ్యాన భాగము: యిర్మీయా 48:11



మోయాబు దేశమునుగూర్చి యిర్మీయా ప్రవక్త చెప్పిన సంగతి విచిత్రమైనది. ఆ దేశమునకు చిన్ననాటినుండి కదలిక లేదట. ద్రాక్షారసమును ఒక కుండలోనుండి మరియొక కుండలోనికి వంచకున్న యెడల అది మడ్డిమీదనే నిలిచి, పాత వాసన దానికి అంటియే యుండును. మన కోరుకొండ మెట్టలో వేసవినాటి చెరువులను ఎరిగినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మా మట్టుకు మేము ఒప్పుకొనవలసినది ఒకటున్నది. మా సంఘములో సాయంకాల ప్రార్థనకు గంట మ్రోగుట మానలేదు గాని వచ్చువారు నలుగురైరి. మేమును ఆ నలుగురిని చూచి, నాలుగు మాటలు చెప్పి, దీపమార్పి ఇంటికి పోవుచుంటిమి. కొన్ని మాసములకు అదియే అలవాటైపోయెను. ఆ దినములలోనే వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి జీవితమును మరల చదివితిమి. ఆయన మన సంఘశాఖవారు కారు, ఆంగ్లికను సంఘమువారు. అయినను తెలుగు పల్లె సంఘముల కష్టసుఖములు ఆయనవలె ఎరిగినవారు అరుదు.

ఆయన 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై గ్రామములో, ఒక పల్లె గురువు ఇంట జన్మించిరి. మాతృభాష తమిళము. 1895 మొదలు 1909 వరకు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగి యువకులకు కూటములు జరిపిరి. గౌరవమైన పని, అందరి మన్నన. ఇంకేమి కావలెనని ఎవరైనను తృప్తిపడియుందురు.

1902లో ఆయన సింహళములోని యాళ్పాణమునకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తామే చందాలు వేసికొని, తమ మనుష్యులనే ఇతర స్థలములకు సువార్తకు పంపుచుండిరి. తిరునెల్వేలి సంఘమో, పేరుపొందిన పెద్ద సంఘమైయుండియు, దూరదేశపు మిషనెరీలే అన్నియు చేయుదురని చేతులు కట్టుకొని యుండెను. పుచ్చుకొనుట అలవాటైన చేతికి ఇచ్చుట తోచదు. ఆయన ఆ సిగ్గును ఇంటికి మోసికొని వచ్చి, మరుసటి సంవత్సరము, 1903లో, స్నేహితులతో కలిసి తిరునెల్వేలిలో ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. ఆ సంఘము ఎన్నుకొన్న పొలము నిజాము రాజ్యములోని దోర్నకలు.

పొండని ఇతరులను పురికొల్పినవానికి తాను పోక తప్పదని తోచెను. 1909లో గురుత్వాభిషేకము పొంది, కార్యదర్శి పని విడిచి, దోర్నకలు చేరిరి. మొదట కాపురము గుడారములో. వేలమంది యెదుట ఇంగ్లీషులోను తమిళములోను ధారాళముగా మాటలాడిన మనిషి, ముప్పది అయిదవ యేట తెలుగు అక్షరములు దిద్ద మొదలిడిరి. క్రొత్త కీర్తన ఒకటి నేర్చుకొనుటకే వయస్సు మీరినదను మనము ఈ సంగతి కొంత ఆలోచింపవలెను.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. పదవిని గూర్చి ఇంతకంటె చెప్పము. ఆయన పల్లెలలో చేసిన పనియే మనకు కావలసినది.

ఆ సంఘములలో ఎక్కువమంది మాల మాదిగ కూలివారు. బాప్తిస్మము పొందిరి గాని మురికి, రోగము, అప్పు, కల్లు వారిని వెంబడించి వచ్చెను. ఈ నాలుగింటిని ఆయన బలమైన శత్రువులుగా ఎంచిరి. మానుడని గద్దించి ఊరకొనలేదు. ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంటికి ఏమి సంభవించునో మత్తయి 12వ అధ్యాయములో చదివియున్నాము గదా! అందుచేత చెడ్డ అలవాటు పోయినచోట మంచి అలవాటును నాటించిరి. పొలమునుండి వచ్చినవారు రాత్రి ప్రార్థనకు కూడుకొనుట, చదువురానివారు విశ్వాస ప్రమాణమును, పాటలను వినికిడిచేతనే కంఠస్థము చేయుట, పంటలో మొదటిది కోడియో ధాన్యమో దేవునికి తెచ్చుట. ఏటేట ఒక వారము సామాన్య విశ్వాసులే పొరుగు పల్లెలకు పోయి సాక్ష్యమిచ్చుట. బాప్తిస్మము పొందినవారు తమ చెయ్యి తమ తలమీద ఉంచుకొని, సువార్త ప్రకటించుట తమ భారమని (1 కొరింథీ 9:16) ఒప్పుకొనెడివారు. ఆయనయు వేకువనే లేచి ప్రార్థించెడివారు. ఎడ్లబండిమీద పల్లె పల్లె తిరిగెడివారు.

నిన్నటివరకు త్రాగి తగవులాడినవారు స్నానముచేసి ప్రార్థనకు పోవుట చూచి, పై కులములవారిలో కొందరు వచ్చి మీ దేవుడెవరని అడిగిరి. ఆయన కాలము తీరునాటికి ఆ డయోసీసు విశ్వాసులు రెండు లక్షలు దాటిరి. అయినను అన్నియు చక్కబడెనని చెప్పుట అబద్ధమగును. మాల మాదిగ భేదము ఆ సంఘములలో పూర్తిగా తొలగలేదు. మన సంఘములలో మాత్రము తొలగినదా? తాము పాటుపడిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947లో జరిగినది గాని ఆయన దానిని చూడలేదు. 1945 జనవరి 1వ తేదీన దోర్నకలులోనే కన్నుమూసిరి.

ఇది చదివిన తరువాత మా సాయంకాల ప్రార్థనను మందిరములోనుండి తీసి, వీధివారీగా ఇండ్ల అరుగులమీదికి మార్చితిమి. మొదటి వారము ఆరుగురే వచ్చిరి. టెలివిజను ఆపుటకు ఒక ఇంట కొంత గొణిగిరి. నాలుగవ వారము, ఎన్నడును మందిరము మెట్లెక్కలేని ఒక మామ్మగారు తన అరుగుమీద కూర్చుండి, మేము మరచిన రెండవ చరణమును తానే అందుకొనెను.