జాక్ మోనో

జాక్ లూసియాఁ మోనో (ఫిబ్రవరి 9, 1910 - మే 31, 1976) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రముఖ జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణంలో ఏ జన్యువు ఎప్పుడు పని చేయాలో, ఎప్పుడు ఊరకుండాలో నిర్ణయించే ఏర్పాటును ఈయన ఫ్రాన్సువా జాకబ్‌తో కలిసి వివరించాడు. 1965లో జాకబ్, ఆంద్రే ల్వోఫ్‌లతో పాటు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. వివిధ జీవులలో జన్యు వ్యక్తీకరణను పోల్చి చూసే నేటి అధ్యయనాలకు ఈయన కృషి ఒక పునాది.

బాల్యము, విద్య

మోనో పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి లూసియాఁ మోనో చిత్రకారుడు. తల్లి షార్లెట్ టాడ్ అమెరికా దేశస్థురాలు. చిన్నతనంలో సోకిన పోలియో వలన ఒక కాలు బలహీనపడింది. అయినా పెద్దయ్యాక కొండలెక్కడం ఆయనకు ఇష్టమైన వ్యాయామం. 1917లో కుటుంబం కాన్ పట్టణానికి తరలింది. ఉన్నత విద్యకై 1928లో పారిస్ చేరి, 1931లో విజ్ఞానశాస్త్ర పట్టా పొందాడు. సెల్లో వాద్యంలో ప్రవీణుడైన మోనో సంగీతమా, జీవశాస్త్రమా అని కొంతకాలం తేల్చుకోలేకపోయాడు.

1934లో పూర్క్వా-పా అనే నౌకలో గ్రీన్‌లాండు యాత్ర చేశాడు. 1936లో మరల వెళ్ళవలసి ఉండగా, బోరిస్ ఎఫ్రుసి ప్రోత్సాహంతో అమెరికాలో మోర్గాన్ ప్రయోగశాలకు వెళ్ళి జన్యుశాస్త్రం నేర్చుకున్నాడు. ఆ సంవత్సరమే ఆ నౌక ఐస్‌లాండు తీరాన మునిగిపోగా ఒక్కరు మాత్రమే బ్రతికారు.

రెండు చక్కెరల ప్రయోగం

సోర్బాన్‌లో మోనో బాక్టీరియాలకు రెండు రకాల చక్కెరలను కలిపి ఆహారంగా ఇచ్చి, వాటి పెరుగుదలను కొలిచాడు. గ్లూకోజును, పాలలోని చక్కెర అయిన లాక్టోజును కలిపి ఇస్తే, బాక్టీరియాలు ముందుగా గ్లూకోజును వాడుకొని వేగంగా పెరిగాయి. అది అయిపోగానే పెరుగుదల కొంతసేపు ఆగి, మరల మొదలయింది. ఈ విరామంలో లాక్టోజును విడగొట్టే ఎంజైము తయారవుతున్నదని తరువాత తేలింది. 1941లో డాక్టరేటు పొందిన మోనో, ఒకే కణం ఒకప్పుడు ఈ ఎంజైమును చేయక, మరొకప్పుడు ఎందుకు చేస్తున్నదన్న ప్రశ్నను ఇరవై ఏళ్ళు వెంబడించాడు.

యుద్ధకాలం

జర్మనీ ఆక్రమణ కాలంలో మోనో ప్రతిఘటనోద్యమంలో చేరి, అజ్ఞాత సైనిక కార్యకలాపాలలో ముఖ్య బాధ్యతలు నిర్వహించాడు. భార్య ఒడెట్ యూదు కుటుంబానికి చెందినది కావడంతో ఇంటికి కూడా ముప్పు ఉండేది. సోర్బాన్‌లో ఉండడం ప్రమాదకరం కాగా, పాశ్చర్ సంస్థలో ల్వోఫ్ ప్రయోగశాలలో పరిశోధన సాగించాడు. యుద్ధానంతరం 1945లో అక్కడే ఉద్యోగంలో చేరాడు.

లైసెంకో వాదంపై విమర్శ

1948లో సోవియట్ ప్రభుత్వం లైసెంకో వాదాన్ని సమర్థించి, జన్యుశాస్త్రాన్ని అణచివేసింది. పరిసరాలను మార్చి వంశపారంపర్య లక్షణాలను మార్చవచ్చునన్నది ఆ వాదం. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్న మోనో, కోంబా పత్రికలో దానిని తీవ్రంగా ఖండించాడు. ఈ వివాదం ఆయన పరిశోధనకు చాలా దగ్గరిది. చక్కెర అందితే ఎంజైము పుట్టడం, పైపైన చూచేవారికి పరిసరాలు జీవిని మార్చినట్లే కనిపిస్తుంది. పరిసరాలు జన్యువును మార్చవు, ఉన్న జన్యువును పనిలోకి దించుతాయి అన్న విషయాన్ని ప్రయోగపూర్వకంగా చూపవలసి ఉండెను.

ఒపెరాన్ సిద్ధాంతం

లాక్టోజు నేరుగా ఎంజైము తయారీని ప్రేరేపిస్తుందని మోనో మొదట తలచాడు. ఆర్థర్ పార్డీ, జాకబ్‌లతో కలిసి చేసి 1959లో ప్రచురించిన ప్రయోగం దీనిని తారుమారు చేసింది. ఎంజైము జన్యువు, దానిని అదుపు చేసే జన్యువు రెండూ పనిచేయని బాక్టీరియాలోకి మంచి జన్యువులు ప్రవేశించగానే, లాక్టోజు లేకున్నా ఎంజైము తయారయింది. కొంతసేపటికి ఆగిపోయింది. అనగా కణంలో ఒక నిరోధకం పుట్టి జన్యువును ఆపుతున్నది. లాక్టోజు ఉన్నప్పుడు, దాని నుండి కణంలో ఏర్పడే పదార్థం ఈ నిరోధకాన్ని తొలగిస్తుంది. మోనో తన పూర్వాభిప్రాయాన్ని విడిచిపెట్టాడు.

ఒకే అదుపు కింద పనిచేసే జన్యువుల వరుసకు ఒపెరాన్ అని పేరు పెట్టారు. జన్యువులోని సమాచారాన్ని ప్రోటీను తయారయ్యే చోటికి చేర్చే అల్పాయుష్కు అణువు ఉండాలని 1961 నాటి వ్యాసంలో జాకబ్, మోనో వివరించారు. అదే వార్తాహర ఆర్.ఎన్.ఏ. దాని ఉనికిని ఆ ఏడాదే రెండు పరిశోధక బృందాలు ప్రయోగాలతో నిరూపించాయి. జాకబ్ అందులో ఒక బృంద సభ్యుడు.

చివరి రోజులు

1970లో జీవశాస్త్ర తత్త్వంపై వ్రాసిన 'యాదృచ్ఛికత, ఆవశ్యకత' అనే గ్రంథం విశేష ప్రచారం పొందింది. 1971లో పాశ్చర్ సంస్థకు అధిపతి అయ్యాడు. 1976లో రక్త సంబంధ వ్యాధితో కాన్‌లో మరణించాడు. పారిస్‌లోని ఒక పరిశోధనా సంస్థకు ఈయన పేరు పెట్టారు.

నేటి పరిశోధనలపై ప్రభావం

ఒక కణంలో ఒక సమయాన ఉన్న ఆర్.ఎన్.ఏ. ప్రతులన్నిటినీ కలిపి ట్రాన్‌స్క్రిప్టోమ్ అంటారు. వాటిని లెక్కిస్తే ఏ జన్యువులు ఎంత చురుకుగా ఉన్నాయో తెలుస్తుంది. మోనో ఒక్క ఎంజైమును కొలిచిన చోట, నేడు వేలాది జన్యువులను ఒకేసారి కొలుస్తున్నారు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం మనిషి, చింపాంజీ, ఎలుక, ప్లాటిపస్, కోడి మొదలైన 10 జీవులలో 6 అవయవాలను పోల్చింది. జన్యు వ్యక్తీకరణ మెదడులో నెమ్మదిగాను, వృషణాలలో వేగంగాను పరిణామం చెందినట్లు తేలింది.

బాక్టీరియాకు వర్తించేది ఏనుగుకూ వర్తిస్తుందని మోనో విశ్వసించేవాడు. ఇది పూర్తిగా నిజం కాలేదు. జంతువులలో ఒపెరాన్లు అరుదు, వాటి జన్యువుల అదుపు ఎంతో క్లిష్టమైనది. అయితే జీవుల మధ్య తేడాలను తెలుసుకోవడానికి జన్యువుల జాబితా ఒక్కటే చాలదని, అవి ఎప్పుడు, ఎంత మేరకు పనిచేస్తున్నాయో కూడా చూడాలని ఆయన వేసిన ప్రశ్న నేర్పింది.