ఏడు గుంబదుల్లో లేని రాజు: తానీషా ఖబర్ ఎక్కడుంది?

మార్కాపురం, కంభం, గిద్దలూరు నుంచి హైదరాబాద్ చూడ్డానికి వెళ్లే కుటుంబాలు చాలావరకు ఒకే వరసలో తిరుగుతాయి. చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ కోట. పిల్లలు పట్టుబడితే పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ. టైం మిగిలితే కోటకు కిలోమీటరు దూరంలో ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు. జనం నోట్లో వాటి పేరు సాత్ గుంబద్, అంటే ఏడు గుంబదులు.

మమ్మీని చూసి వచ్చిన పిల్లలకు ఇక్కడ కూడా అదే అనుమానం వస్తుంది. లోపల రాజు ఉన్నాడా, ఆయనతోపాటు బంగారం పెట్టారా అని. ఈజిప్టు ఫారోలు చనిపోయాక కూడా రాజభోగం సాగాలని నగలు, మంచాలు, రథాలు సైతం సమాధిలో పెట్టించుకున్నారు. వాటిలో ఎక్కువ భాగం దొంగల పాలైంది. 1922లో బయటపడిన టుటన్‌ఖామున్ సమాధి లాంటివి అరుదు. గోల్కొండలో పద్ధతి వేరు. రాజైనా సరే గుస్ల్ చేయించి, కఫన్ చుట్టి మట్టిలో పెట్టారు. జనాజాకు స్నానం చేయించిన హమామ్ ఇప్పటికీ అక్కడ ఉంది. గుంబద్ కింద పైకి కనిపించే నల్లరాతి ఖబర్ గుర్తు మాత్రమే. అసలు ఖబర్ దాని కింద నేలమాళిగలో ఉంటుంది.

1543లో చనిపోయిన సుల్తాన్ కులీ మొదలుకుని జంషీద్, సుభాన్, ఇబ్రహీం, హైదరాబాద్ కట్టించిన ముహమ్మద్ కులీ, ముహమ్మద్, అబ్దుల్లా వరకు ఏడుగురు సుల్తాన్లు ఆ తోటలోనే ఉన్నారు. కానీ ఆ వంశంలో గద్దె ఎక్కినవారు ఎనిమిది మంది. ఎనిమిదో రాజు, తెలుగువాళ్లందరికీ బాగా తెలిసిన రాజు, అబుల్ హసన్ తానీషా అక్కడ లేడు.

అబుల్ హసన్ రాజకుటుంబానికి బంధువే అయినా కోటలో పెరగలేదు. యవ్వనంలో ఎక్కువ కాలం హజ్రత్ సయ్యద్ షా రాజూ ఖాన్‌ఖాహ్‌లో మురీదుగా గడిపాడు. షా రాజూ గుల్బర్గా హజ్రత్ ఖాజా బందానవాజ్ వంశీకులు. అక్కడ దస్తర్‌ఖాన్ మీద ఏది ఉంటే అదే తిండి. ముర్షిద్ చెప్పిందే పని. రాజ్యం మీద ఆయనకు ఆశ ఉన్నట్టు ఎవరూ అనుకోలేదు.

అబ్దుల్లా కుతుబ్‌షాకు కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్లు. పెద్దామెను ఔరంగజేబు కొడుక్కు ఇచ్చారు. రెండో అల్లుడు సయ్యద్ అహ్మద్. మూడో కూతురికి సయ్యద్ సుల్తాన్ అనే ఆయనతో పెళ్లి ఖాయమై ఏర్పాట్లన్నీ అయిపోయాయి. ఆ సమయంలో రెండో అల్లుడికీ, కాబోయే మూడో అల్లుడికీ పడలేదు. గొడవ ముదిరి సంబంధం తెగిపోయింది. పెళ్లి ఆగకూడదని కోటలోవాళ్లు వరుడి కోసం వెతికితే ఖాన్‌ఖాహ్‌లో ఉన్న అబుల్ హసన్ కనిపించాడు. ఆయన్ను పిలిపించి, పెళ్లిబట్టలు తొడిగి నికాహ్ జరిపించారు. 1672లో మామగారు చనిపోయారు. గద్దె కోసం రెండో అల్లుడు కూడా పోటీపడ్డాడు. కానీ కోటలోని సర్దార్ల బలం అబుల్ హసన్ వైపు నిలిచింది. ఫకీరుల మధ్య పెరిగినవాడు గోల్కొండ సుల్తాన్ అయ్యాడు.

ఆ సర్దార్లలో ఒకరి దగ్గర పనిచేస్తున్న మాదన్నను తానీషా రెండేళ్లకే ప్రధానిని చేశాడు. మాదన్న తెలుగు బ్రాహ్మణుడు. ఆయన అన్న అక్కన్నకూ పెద్ద హోదా దక్కింది. లెక్కలు, శిస్తు వసూళ్లు ఆ అన్నదమ్ముల చేతిలో ఉండేవి. 1677లో శివాజీ హైదరాబాద్ వచ్చినప్పుడు ఒప్పందం నడిపించింది కూడా మాదన్నే.

తెలుగు ఇళ్లలో మాత్రం తానీషా పేరు రామదాసు కథతోనే వినిపిస్తుంది. శిస్తు డబ్బుతో భద్రాచలం గుడి కట్టించినందుకు కంచర్ల గోపన్నను గోల్కొండలో ఖైదు చేశారు. రాముడే వచ్చి బాకీ తీర్చాడని, తానీషా ఆయన్ను వదిలిపెట్టాడని భక్తుల నమ్మకం. శ్రీరామనవమికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషాతోనే మొదలైందని కూడా అక్కడ చెప్తారు. ఓడిపోయి రాజ్యం పోగొట్టుకున్న ఒక ముస్లిం రాజు పేరు ఒక హిందూ పండగలో ఏటేటా గౌరవంగా గుర్తుకు రావడం చిన్న సంగతి కాదు.

ఆ రాజ్యం పదిహేనేళ్లే నిలిచింది. కప్పం బకాయిలు, మరాఠాలకు, బీజాపూర్‌కు సాయం, బ్రాహ్మణ మంత్రుల చేతిలో అధికారం, ఇవన్నీ కారణాలుగా చూపి ఔరంగజేబు దక్కన్ మీద పడ్డాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ముస్లిం సుల్తాన్ల మీద ఈ యుద్ధం సరికాదని ఔరంగజేబు కొలువులోని ఖాజీ షేఖుల్ ఇస్లామే అభ్యంతరం చెప్పాడు. మాట చెల్లకపోయేసరికి పదవి వదులుకుని హజ్‌కు వెళ్లిపోయాడు. ఇది దీన్ కోసం జరిగిన యుద్ధం కాదని ఆ రోజుల్లోనే తెలిసినవాళ్లకు తెలుసు.

1685లో మొఘల్ సైన్యం హైదరాబాద్‌లోకి దిగింది. ఊరు దోపిడీకి గురైంది. తానీషా గోల్కొండ కోటలోకి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది మార్చిలో అక్కన్న, మాదన్నలను కోట వీధిలోనే కుట్రదారులు చంపేశారు. అయినా ఔరంగజేబు ఆగలేదు. 1687 మొదట్లో గోల్కొండను చుట్టుముట్టాడు. ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగింది. వానలకు మూసీ పొంగింది. మొఘల్ గుడారాల్లో తిండిలేక, జబ్బుచేసి జనం చచ్చిపోయారు. గోడల కింద పెట్టిన మందుగుండు వెనక్కి పేలి వాళ్ల మనుషుల్నే మింగింది.

కోటను ఫిరంగులు గెలవలేదు, లంచం గెలిచింది. సెప్టెంబర్ 21 తెల్లవారుజామున అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దార్ డబ్బు తీసుకుని లోపలి నుంచి తలుపు తీశాడు. అబ్దుర్ రజ్జాక్ లారీ అనే ఇంకో సర్దార్ మాత్రం ఒళ్లంతా గాయాలై పడిపోయే వరకు పోరాడాడు. ఆ విశ్వాసం చూసి ఔరంగజేబే ఆయనకు హకీంలను పంపించి బతికించాడు.

శత్రువులు లోపలికి వస్తున్నారని తెలిసి తానీషా పారిపోలేదు. జనానాలో ఏడుస్తున్నవాళ్లను ఓదార్చి, అందరి దగ్గరా సెలవు తీసుకుని, వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. మొఘల్ అధికారులు వచ్చేసరికి నాష్తా వేళ అయింది. వాళ్లను మర్యాదగా పలకరించి, దస్తర్‌ఖాన్ పరిపించి తాను భోజనం చేశాడు. ఈ సమయంలో తిండి ఎలా సహిస్తోందని వాళ్లు ఆశ్చర్యపోతే, పేదరికాన్నీ రాజ్యాన్నీ ఇచ్చింది అల్లాహ్‌యేనని, రెండిట్లోనూ షుక్ర్ చేయడమే తన పని అన్న అర్థంలో జవాబు చెప్పాడని అప్పటి చరిత్రకారులు రాశారు. ఖాన్‌ఖాహ్‌లో నేర్చుకున్న సబ్ర్ ఆ పూట ఆయనకు తోడొచ్చింది.

ఆయన్ను దౌలతాబాద్ కోటకు తీసుకెళ్లి చీనీ మహల్‌లో ఉంచారు. మిగిలిన జీవితం, పన్నెండేళ్ల దాకా, అక్కడే ఖైదీగా గడిచింది. మళ్లీ గోల్కొండ చూడలేదు. చనిపోయాక దగ్గర్లోని ఖుల్దాబాద్‌లో ఖననం చేశారు. ఆయన ఖబర్ హజ్రత్ రాజూ ఖత్తాల్ దర్గా దగ్గర ఉంది. ఆ రాజూ ఖత్తాల్ ఖాజా బందానవాజ్ తండ్రిగారు, అంటే తానీషా ముర్షిద్‌కు పూర్వీకులు. తాతముత్తాతల గుంబదుల మధ్య చోటు దొరకని మనిషికి పీర్ కుటుంబం నీడన చోటు దొరికింది.

1707లో ఔరంగజేబు చనిపోతే ఆయన్ను కూడా అదే ఖుల్దాబాద్‌కు తెచ్చారు. ఆయన ఖబర్ మీద కూడా గుంబద్ లేదు, ఆయనే వద్దన్నారు. రాజ్యం లాక్కున్నవాడు, పోగొట్టుకున్నవాడు ఇప్పుడు ఒకే ఊరి మట్టిలో ఉన్నారు. మార్కాపురం పలక మీద రాసిన లెక్క తుడిచేసినట్టు గెలుపోటములు పోయాయి.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఈ రోజు ఉర్దూ, హిందీల్లో తానాషాహీ అంటే నియంతృత్వం. మెత్తని మనిషిగా పేరున్న రాజు పేరును పోలిన మాటకు అలాంటి అర్థం స్థిరపడింది.

ఈసారి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఏడు గుంబదులకు పూట సమయం పెట్టుకోండి. ఫొటోలు దిగే ముందు సలాం చెప్పి, అక్కడున్నవాళ్ల కోసం దువా చేయండి. ఖబర్ల దగ్గరికి వెళ్లడం ఆఖిరత్‌ను గుర్తుచేస్తుందని మన పెద్దలు నేర్పింది అందుకే. గుంబదులు లెక్కపెట్టే పిల్లలకు ఎనిమిదో రాజు గురించి కూడా చెప్పండి. ఫతే దర్వాజా దగ్గరున్న షా రాజూ దర్గాకు కూడా వీలైతే తీసుకెళ్లండి. తానీషా కథ మొదలైంది కోటలో కాదు, ఆ పీర్ దగ్గరే.