పొద్దుటి రేడియో బాణీ వెనకున్న మనిషి

మన హాస్టల్లో గంటకంటే ముందు మమ్మల్ని లేపింది వార్డెన్ మాస్టారి రేడియో. ప్రసారాలు మొదలయ్యే ముందు తంబురా శ్రుతి మీద వయొలిన్ పలికే ఆ ఆకాశవాణి బాణీ వినగానే దుప్పటి ముఖం మీదికి లాక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. శివరంజని ఛాయలున్న ఆ బాణీకి కర్తగా చెప్పేది పరదేశి అయిన వాల్టర్ కాఫ్‌మన్ పేరని నలభై దాటాక గానీ నాకు తెలియలేదు.

కాఫ్‌మన్ 1907లో బొహీమియాలోని కార్ల్స్‌బాద్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. బెర్లిన్‌లో, ప్రాగ్‌లో చదివారు. డాక్టరేటు చేతికందే సమయంలో, తన ప్రొఫెసరు నాజీ యువజన దళ నాయకుడని తెలిసి ఆ పట్టానే వద్దనుకున్నారు. జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కిన మరుసటి ఏడాది, 1934లో, ఓడెక్కి బొంబాయి చేరారు.

మన సంగీతం రికార్డులు విన్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు, నచ్చలేదు కూడా. కానీ ఇన్ని కోట్లమంది ప్రేమించే సంగీతంలో లోపం ఉండదు, లోపం తన చెవిలోనే ఉండాలనుకున్నారు. కూర్చుని నేర్చుకున్నారు. అదే ఏడాది బొంబాయి ఛేంబర్ మ్యూజిక్ సొసైటీని స్థాపించి, జుబిన్ మెహతా తండ్రి మెహ్లీ మెహతా వంటివారితో కచేరీలు చేశారు. 1937 నుంచి 1946 వరకు బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూశారు.

తర్వాత మళ్లీ వలస. ఇంగ్లండు, అక్కణ్ణుంచి కెనడాలోని హాలిఫాక్స్‌లో సంగీత బోధన. 1948 నుంచి దాదాపు పదేళ్లు విన్నిపెగ్ సింఫనీ ఆర్కెస్ట్రాకు కండక్టరు. 1957 నుంచి ఇరవై ఏళ్లు అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఒకప్పుడు తనకు అర్థం కాని సంగీతం గురించే పెద్ద గ్రంథాలు రాశారు: 1968లో ఉత్తరాది రాగాల మీద, 1976లో మన దక్షిణాది రాగాల మీద. 1984లో బ్లూమింగ్టన్‌లో కన్నుమూశారు.

ఆయన కథ చదివినప్పుడు నాకు మా పాత ఫోర్‌మన్ గుర్తొచ్చారు. మోటారు బేరింగుకు స్క్రూడ్రైవర్ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వినేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకది నవ్వులాటగా ఉండేది. ఒకరోజు శబ్దం తేడాగా ఉంది, మిషను ఆపమన్నారు. మీటర్లన్నీ సరిగ్గా ఉన్నాయని ఆయన మాట కొట్టేశాను. వారం తిరక్కుండా బేరింగు పట్టేసింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. క్షమాపణ చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో, చెప్పేలోపే ఆయన రిటైరై వెళ్లిపోయారు.

ఇప్పుడు మా ప్లాంటుకు కొత్తగా వచ్చే పిల్లలకు మొదటి రోజు స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, మోటారు దగ్గర నిలబెట్టి వినమంటాను. ఏమీ వినపడటం లేదు సార్ అంటారు. మిషనును ఏమీ అనకుండా, రేపు మళ్లీ వచ్చి వినమంటాను.